వారానికి వంద రూపాయల వైఫై: ఎనిమిది నెలలు వాడాక

మాది గుంటూరులో రెండు గదుల అద్దె ఇల్లు. ఆయనది తాపీ పని, నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. బాబు పదో తరగతి, పాప ఏడు, ఇద్దరూ గవర్నమెంటు బడే. మా వీధి కేబుల్ ఆయన దగ్గర నెట్ పెట్టించుకుని ఎనిమిది నెలలైంది. స్పీడు సంగతి తర్వాత, ముందు డబ్బు సంగతి చెప్తాను.

అంతకుముందు రెండు ఫోన్లకూ రీచార్జి చేయించేవాళ్ళం. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చేది 299. నెల అంటారు గానీ 28 రోజులే, ఏడాదికి పదమూడు సార్లు కట్టించుకుంటారు. ఆయన పని నుంచి వచ్చి కాసేపు వీడియోలు చూశాడంటే బాబు పుస్తకం తెరిచేసరికి డేటా అయిపోయేది. వాడి పాఠాల పక్కన క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే దీక్షా యాప్‌లో వీడియో రావాలి. మాకు మాత్రం గుండ్రంగా తిరుగుతూ ఉండేది.

ఒక పెద్ద కంపెనీ వాళ్ళనీ అడిగాను. పోస్టరు మీద 399, పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే 471. సరే, ఎలాగో కట్టుకుంటాం అనుకున్నా. ఆరు నెలలది ఒకేసారి కట్టాలన్నారు, అంటే దాదాపు మూడు వేలు. ఆయనకు శనివారం శనివారం బట్వాడా. బియ్యం, గ్యాసు, అద్దెకు తీసి పెట్టింది పోగా మూడు వేలు ఒక్క రోజున చేతిలో ఎప్పుడు ఉంటుంది? చౌక ప్లాన్లు పెట్టేవాళ్ళకు ఈ ముక్క ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

కేబుల్ ఆయన ఆదివారం పొద్దున్నే వచ్చి వంద తీసుకెళ్తాడు. ఐదో ఆదివారం వచ్చిన నెలలో అడగడు. బాక్సు ఆయనదే, మానేస్తే తిరిగి ఇచ్చేయాలి. బిగించడానికి మూడు వందలు, అదీ రెండు వారాల్లో ఇచ్చాను. ఆయనే చెప్పాడు, 2016 చివర్లో కోనసీమలో మోరి ఊళ్ళో ప్రభుత్వ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెట్, ఫోను, టీవీ మూడూ కలిపి 149కే అన్నారట. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగితే ఖర్చు తగ్గుతుందట. మా వీధిలోనూ స్తంభాల మీద నుంచే వచ్చింది.

దాని బాధ కూడా ఉంది. వానాకాలం ముందు కరెంటు వాళ్ళు కొమ్మలు కొట్టేటప్పుడు మా వైరు తెగింది. బాక్సు మీద ఎర్ర లైటు. వైరు అతికించే మిషను కేబుల్ ఆయన దగ్గర ఒకటే ఉంది, మూడో రోజుకు గానీ మా వంతు రాలేదు. ఆ వారం యాభయ్యే తీసుకున్నాడు, నేను అడగకుండానే. ఇంకోటి, కరెంటు పోతే వైఫై కూడా పోతుంది. కరెంటు లేనప్పుడు బాక్సును నడిపే చిన్న యూపీఎస్ ఉంటుందని ముందే చెప్పి ఉంటే చీటీ డబ్బుల్లో కొనేదాన్ని.

స్పీడు 30 ఎంబీపీఎస్ అన్నాడు కేబుల్ ఆయన. పాప ఫోన్‌లో చూస్తే పగలు అంతే వస్తుంది, రాత్రి ఎనిమిదింటికి సగానికి పడిపోతుంది. పాఠాల వీడియోలకు ఇబ్బంది లేదు. పక్కింటి పిల్లలిద్దరు కూడా మా మెట్ల మీదే కూర్చుని చదువుతున్నారు. పాస్‌వర్డ్ పాప చేతిలో ఉంది, అరుగు ఊడ్చిన వాళ్ళకే చెప్తుందట.

ఇప్పుడు ఒక ఫోనుకు డేటా రీచార్జి మానేశాం. ఆయన ఫోనుకు తప్పదు, మేస్త్రీ ఫోన్ చేస్తే ఎత్తాలిగా. లెక్క వేస్తే నెలకు ఒక వంద ఎక్కువే పడుతోంది, దాచడం ఎందుకు. అయినా నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఒకటి ఆ యూపీఎస్ మాట చెప్పనందుకు తగ్గించా. మీ వీధిలో ఎవరైనా ఇస్తుంటే స్పీడు కంటే ముందు వారానికి తీసుకుంటారా, బాక్సు ఎవరిది అని అడగండి.