డిజియాత్ర సమీక్ష: గేటు దాకా వేగం, ట్రే దగ్గర మామూలే

విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో ఢిల్లీకో తరచుగా విమానంలో వెళ్ళేవారిలో డిజియాత్ర పేరు విననివారు ఇప్పుడు తక్కువ. ముఖ గుర్తింపు ఆధారంగా ప్రయాణికుణ్ణి లోపలికి పంపే ఈ సేవ 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసి విమానాశ్రయాల్లో మొదలై, మరుసటి ఏడాదే గన్నవరానికి వచ్చింది. విశాఖపట్నానికి అది 2024 సెప్టెంబరులో గాని చేరలేదని గుర్తు చేసుకుంటే, ఈ ఒక్క విషయంలో మన విమానాశ్రయం చాలా ముందే ఉందని ఒప్పుకోవాలి. సేవ మంచిదే. అయితే సెక్యూరిటీ చెక్ తొందరగా ముగించే మార్గమని నమ్మి యాప్ దించుకున్నవారికి మాత్రం నిరాశ తప్పదు. డిజియాత్ర వేగవంతం చేసేది మన గుర్తింపు పరిశీలనను. మన ఒంటినీ సంచినీ తనిఖీ చేసే పనితో దానికి సంబంధం లేదు. ఈ తేడాను ప్రచారంలో ఎక్కడా గట్టిగా చెప్పకపోవడమే నాకున్న ప్రధాన అభ్యంతరం.

నమోదు కష్టమైనదేమీ కాదు. ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు చేతిలో ఉంటే, డిజిలాకర్ ద్వారా వివరాలు తెచ్చుకొని, ఒక సెల్ఫీ తీసుకుంటే సరిపోతుంది. ఆ తరువాత ప్రయాణం కుదిరిన ప్రతిసారీ వెబ్ చెక్-ఇన్ చేసి, బోర్డింగ్ పాస్‌ను యాప్‌లోకి ఎక్కించి, బయలుదేరే విమానాశ్రయానికి పంపాలి. ఈ చివరి మెట్టును చాలామంది మరిచిపోతారు. యాప్‌లో పేరు నమోదైతే చాలుననుకొని గేటు ముందు నిలబడి, కెమెరా తమను గుర్తించడం లేదని సిబ్బందితో వాదించేవారు దాదాపు ప్రతి ప్రయాణంలోనూ కనిపిస్తారు.

గేటు దగ్గర మాత్రం ఈ సేవను మెచ్చుకోకుండా ఉండలేము. లోపలికి వెళ్ళే ద్వారం వద్ద టికెట్టునూ గుర్తింపు కార్డునూ ఒక్కొక్కటిగా చూసే పాత పద్ధతిలో, ముందున్న కుటుంబంలోని పెద్దాయన ఆధార్ జిరాక్సు ఏ సంచిలో ఉందో వెతుకుతుంటే వెనక ఉన్న ఇరవై మందీ ఆగవలసిందే. ఇప్పుడు బోర్డింగ్ పాస్ మీది బార్‌కోడ్‌ను చూపించి కెమెరా వైపు తల ఎత్తితే తలుపు తెరుచుకుంటుంది. గన్నవరంలో నేను వెళ్ళినప్పుడల్లా ఈ భాగం నిమిషంలోపే ముగిసింది. సెక్యూరిటీ చెక్‌కు ముందున్న రెండవ గేటు వద్ద కూడా ఇదే సౌకర్యం ఉంది కనుక, బోర్డింగ్ పాస్ కాగితాన్ని పదేపదే చూపే అవసరం తగ్గింది.

ఆ రెండవ గేటు దాటాక కథ మారుతుంది. అక్కడి నుంచి డిజియాత్ర ఉన్నవారూ లేనివారూ ఒకే ఎక్స్‌రే యంత్రం ముందు, ఒకే ట్రేల కుప్ప ముందు నిలబడతారు. ల్యాప్‌టాప్ బయటకు తీయాలి, పవర్ బ్యాంకు బయటకు తీయాలి, జేబులు ఖాళీ చేయాలి; ఆపైన తలుపు చట్రం లాంటి మెటల్ డిటెక్టర్ దాటి, చేతి డిటెక్టర్‌తో ఒళ్ళంతా తనిఖీ చేయించుకోవాలి. మన దేశంలో ఈ తనిఖీ నుంచి సాధారణ ప్రయాణికులెవరికీ మినహాయింపు లేదు. ముఖం చూసి గుర్తుపట్టినంత మాత్రాన సంచిలో ఏముందో కెమెరాకు తెలియదు కదా. గేటు దగ్గర మిగిలిన సమయమంతా ట్రే దగ్గర ఖర్చవుతుంది. ఒక్కొక్కసారి పరిస్థితి ఇంకా విచిత్రంగా ఉంటుంది: గేట్లు వేగంగా తెరుచుకోవడం వల్ల జనం ఒక్కసారిగా ఎక్స్‌రే వద్దకు చేరి, మునుపు బయట ఉండే వరుస ఇప్పుడు లోపల ఏర్పడుతుంది. ఇంద్రకీలాద్రి మీద వేర్వేరు ధరల దర్శనం టికెట్ల వరుసలు అమ్మవారి సన్నిధి దగ్గర పడేసరికి ఒక్కటైపోవడం చూసినవారికి దీన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

స్త్రీల ఇబ్బంది మరికొంత ఎక్కువ. వారి తనిఖీ తెర చాటున, మహిళా సిబ్బంది చేత జరుగుతుంది. అది సరైన పద్ధతే, మారవలసిన అవసరం లేదు. కానీ రెండు మూడు ఎక్స్‌రే యంత్రాలకు కలిపి తెర కట్టిన చోటు ఒక్కటే ఉన్నప్పుడు, సంచి బెల్టు మీద నుంచి అవతలికి వెళ్ళిపోయి, దాని యజమానురాలు ఇవతలే నిలిచిపోతుంది. ఆ సంచిలో ఫోనూ పర్సూ ఉంటాయి. డిజియాత్ర గేటు వద్ద ఆదా అయిన నిమిషాల గురించి ఆ క్షణంలో ఎవరికీ సంతోషం కలగదు.

మన ప్రాంతపు ప్రయాణికుల సంచుల గురించి కూడా కొంత చెప్పుకోవాలి. గుంటూరు కారం, గోంగూర పచ్చడి, ఆవకాయ, నెయ్యి లేకుండా పిల్లల దగ్గరకు బయలుదేరే అమ్మానాన్నలు అరుదు. కారప్పొడినీ మిరపకాయ పచ్చడినీ చేతిసంచిలో అనుమతించరు. చెక్-ఇన్ కౌంటర్‌లో అప్పగించే లగేజీలో వేయాలి. ఎండు కొబ్బరి సంగతి చాలామందికి తెలియదు. అందులోని నూనె వల్ల అది మండే స్వభావం గల వస్తువు కనుక, 2022 నుంచి పౌర విమానయాన భద్రతా బ్యూరో దానిని లగేజీలో కూడా నిషేధించింది. పవర్ బ్యాంకు విషయంలో నియమం ఇందుకు తలకిందులు: అది చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. ఇవన్నీ యాప్‌లో నమోదు చేసుకునేటప్పుడు ఒక్క వాక్యంలోనైనా గుర్తు చేస్తే, ట్రే దగ్గర సగం వాదనలు తగ్గుతాయి. ఒక్క సీసా కోసం ఒక సంచిని పక్కకు తీసి విప్పితే, ఆ బెల్టు మీదున్న వారందరి సమయమూ పోతుంది.

పేరు ఇక్కడ చెప్పను గానీ, ఒక పెద్ద విమానాశ్రయంలో డిజియాత్ర వారికని సెక్యూరిటీ వద్ద ప్రత్యేకంగా తాళ్ళు కట్టిన దారి కనిపించింది. బోర్డు చూసి సంతోషంగా అందులోకి నడిచాము. పాతిక అడుగులు వెళ్ళాక ఆ దారి మామూలు వరుసలోనే కలిసింది. పైగా అక్కడ నిలబడిన సిబ్బంది రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరిని వదలకుండా, అవతలి వరుస పొడవుగా ఉందని దానినే ముందు వదిలారు; మా వెనక మామూలు వరుసలో చేరినవారు మాకంటే ముందే ట్రే అందుకున్నారు. సిబ్బందిని తప్పు పట్టలేము, ఎక్కువ జనం ఉన్న వైపును తగ్గించడం వారి పని. అయితే ప్రత్యేక దారి అని బోర్డు పెట్టిన తరువాత ఆ మాటకు ఏదో ఒక అర్థం ఉండాలి.

తెలుగువారికి ఈ యాప్‌తో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరు దగ్గర ఉంది. టికెట్టు మీది పేరు ఆధార్‌లోని పేరుతో సరిపోలాలి. మన ఆధార్ కార్డుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక. ఒకరికి పూర్తిగా, మరొకరికి పొడి అక్షరంగా ఉంటుంది. టికెట్టు కొనేటప్పుడు విమాన సంస్థ మొదటి పేరు, చివరి పేరు అంటూ రెండు గడులు చూపిస్తుంది. ‘కె. వెంకట సుబ్బారావు’ గారు ఆ గడుల్లో తన పేరును ఎలా విడదీస్తారో, ఆయనకు టికెట్టు తీసిన మనవడు ఎలా విడదీస్తాడో రెండింటికీ పొంతన ఉండదు. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి కళ్ళుంటాయి కనుక రెండు కాగితాలూ చూసి పంపేస్తాడు. యాప్‌కు ఆ వెసులుబాటు లేదు. పెద్దవారికి టికెట్టు తీసేవారు ఆధార్ కార్డును ఎదుట పెట్టుకొని, అందులో ఉన్న అక్షరాలనే ఉన్నట్టుగా నింపడం మేలు.

అమెరికాలో పిల్లలున్న కుటుంబాల్లో ఇంకొక అపోహ ఉంది. అక్కడ ‘టీఎస్ఏ ప్రీచెక్’ అని 2011 నుంచి ఒక పథకం నడుస్తోంది. ఐదేళ్ళకు 80 డాలర్ల ప్రాంతంలో రుసుము చెల్లించి, వేలిముద్రలిచ్చి, నేపథ్య పరిశీలనకు ఒప్పుకున్నవారికి ప్రత్యేక వరుసలో తనిఖీయే తేలికవుతుంది: బెల్టు విప్పనక్కరలేదు, ల్యాప్‌టాప్ బయటకు తీయనక్కరలేదు. మనిషిని ముందే పరిశీలించారు కనుక సంచిని కొంత తక్కువగా పరిశీలిస్తారన్నది అక్కడి లెక్క. ‘మాకు అక్కడ ఐదు నిమిషాల్లో అయిపోతుంది, మీరూ డిజియాత్ర పెట్టుకోండి’ అని అబ్బాయి ఫోనులో చెబితే, తల్లిదండ్రులు రెండూ ఒకటే అనుకుంటారు. నిజానికి డిజియాత్రకు దగ్గరగా ఉన్నది ప్రీచెక్ కాదు, అక్కడే ‘క్లియర్’ అనే ప్రైవేటు సంస్థ నడిపే సేవ. అది కూడా గుర్తింపు పరిశీలన వరుసను దాటించి, ఆపైన తనిఖీకి మామూలుగా వదిలేస్తుంది. ప్రీచెక్ సభ్యులకు సైతం ప్రతిసారీ తేలిక తనిఖీ దక్కుతుందన్న హామీని అమెరికా ప్రభుత్వం ఇవ్వదు. బూట్లు విప్పనక్కరలేకపోవడం ఒకప్పుడు ఈ పథకంలోని పెద్ద ఆకర్షణ. 2025 జులైలో ఆ వెసులుబాటును ప్రయాణికులందరికీ ఇచ్చేయడంతో డబ్బు కట్టినవారి ఆధిక్యం కొంత తగ్గింది. సందర్శక వీసా మీద వెళ్ళే మన పెద్దలకు ప్రీచెక్‌లో నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు లేదు కనుక, వారు ఆ ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

విమాన సంస్థలు టికెట్టుతో పాటు అమ్మే ‘ప్రాధాన్య’ సేవలను కూడా ఇదే కళ్ళతో చూడాలి. కొన్నిటిలో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ముందుగా పిలవడం, విమానంలోకి ముందుగా ఎక్కించడం మాత్రమే ఉంటాయి. మధ్యలోని సెక్యూరిటీ చెక్ ప్రస్తావనే ఉండదు. డబ్బు కట్టే ముందు ఆ చిన్న అక్షరాలు చదవాలి. చేతిసంచితో మాత్రమే వెళ్ళేవారికి కౌంటర్ పనే లేదు, కనుక వారికి అది పూర్తిగా వృథా ఖర్చు.

విదేశాలకు వెళ్ళివచ్చే భారతీయులు, ఓసీఐ కార్డు (విదేశాల్లో స్థిరపడిన భారత సంతతి వారికిచ్చే కార్డు) ఉన్నవారి కోసం కేంద్రం 2024 జూన్‌లో ఢిల్లీలో ప్రారంభించి, 2025 జనవరిలో హైదరాబాదు సహా మరో ఏడు విమానాశ్రయాలకు విస్తరించిన సత్వర ఇమ్మిగ్రేషన్ పథకం వేరు. అది పాస్‌పోర్టు ముద్ర దగ్గరి వరుసను తగ్గిస్తుంది, నాకు తెలిసినంతలో ఆ పని బాగానే చేస్తుంది. భద్రతా తనిఖీ అక్కడ కూడా అందరితో పాటే.

వ్యక్తిగత సమాచారం గురించి నాకు కొంత జంకు ఉంది. డిజియాత్రను నడిపేది ప్రభుత్వ శాఖ కాదు, 2019లో ఏర్పడిన డిజియాత్ర ఫౌండేషన్. అందులో విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు 26 శాతం వాటా ఉండగా, మిగిలినది కొచ్చిన్, బెంగళూరు, ఢిల్లీ, హైదరాబాదు, ముంబయి విమానాశ్రయాలది. ముఖ వివరాలు మన ఫోనులోనే ఉంటాయనీ, విమానాశ్రయానికి పంపినవి విమానం బయలుదేరిన 24 గంటల్లో తొలగిస్తారనీ చెబుతారు. 2024లో పాత యాప్‌ను తీసేసి కొత్తది దించుకోమని వాడుకరులందరినీ కోరినప్పుడు, దానికి కారణాన్ని ఇంకాస్త వివరంగా చెప్పి ఉంటే నమ్మకం పెరిగేది. ఈ సేవ పూర్తిగా స్వచ్ఛందం. వద్దనుకున్నవారు మామూలు వరుసలో నిరభ్యంతరంగా వెళ్ళవచ్చు, సిబ్బంది ఒత్తిడి చేస్తే కాదనవచ్చు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. చేతిసంచితో ఒంటరిగా వెళ్ళే ఉద్యోగికి, వారంలోనే తిరిగి వచ్చే వ్యాపారికి నాలుగున్నర. లగేజీతో, పెద్దవారితో, పిల్లలతో కదిలే కుటుంబానికి రెండున్నర. ఇంట్లో ఒక్కరికే యాప్ ఉంటే ఆ ఒక్కరూ ముందుగా లోపలికి వెళ్ళి మిగిలినవారి కోసం నిలబడడమే అవుతుంది. గుంటూరు నుంచి వచ్చేవారు గన్నవరానికి 50 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. వారధి దగ్గరా, రామవరప్పాడు కూడలి దగ్గరా ఎంతసేపు ఆగవలసి వస్తుందో ఎవరూ చెప్పలేరు. డిజియాత్ర ఉంది కదా అని అరగంట ఆలస్యంగా బయలుదేరే సాహసం చేయవద్దు. చెక్-ఇన్ కౌంటర్లు విమానం బయలుదేరడానికి 60 నిమిషాల ముందు, బోర్డింగ్ గేట్లు 25 నిమిషాల ముందు మూసే సంస్థలున్నాయి, ఆ లెక్కలో యాప్ ఏ మార్పూ తేలేదు. విమానాశ్రయాలు నిజంగా వేగం పెంచదలిస్తే, మరో కెమెరా గేటు కొనే ముందు మహిళల తనిఖీకి రెండవ తెర కట్టించి, రద్దీ వేళల్లో ఖాళీ ట్రేలను వెనక్కి చేర్చడానికి ఒక మనిషిని అదనంగా పెట్టాలి.