పాసివ్ జాజ్ బేస్, కోస్తా ఉక్కపోత, ఆర్కెస్ట్రా స్టేజీలు: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

బేస్ గిటార్ కొందామనుకునే కుర్రాళ్ళు ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "అన్నా, ఐదు స్ట్రింగుల యాక్టివ్ తీసుకోనా, నాలుగు స్ట్రింగుల మామూలుది తీసుకోనా?" యాక్టివ్ అంటే లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ బోర్డు ఉన్నది, పాసివ్ అంటే అది లేని మామూలుది. నేను వాడేది నాలుగు స్ట్రింగుల పాసివ్, జాజ్ బేస్ తరహాది, కొన్నప్పుడు పాతిక వేల లోపే. ఉండేది కాకినాడ, వాయించేది ఆర్కెస్ట్రాల్లో, పెళ్ళి రిసెప్షన్లలో, వినాయక చవితి పందిళ్ళలో, ఆదివారం చర్చిలో. వ్యాను వెనక స్పీకర్ల మధ్య ఇరుక్కుని ఊళ్ళు తిరిగే బేస్ ఇది. సౌండు పరవాలేదు, మిక్స్‌లో బాగానే వినబడుతుంది. కానీ ఇన్నాళ్ళూ అమ్మకుండా ఉంచుకున్నది ఎందుకంటే, ఇందులో దాదాపు ఏది పాడైనా అదే ఊళ్ళో అదే రోజు బాగుచేసుకోవచ్చు.

బ్రాండ్ పేరు రాయను. ఈ ధరలో దొరికే జాజ్ తరహా బేసులన్నీ దాదాపు ఒకే అచ్చు, అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ వాళ్ళు 1960లో తెచ్చిన డిజైన్ నుంచి వచ్చినవే: 34 అంగుళాల స్కేలు (స్ట్రింగు మోగే పొడవు), నట్ (నెక్ పై చివర స్ట్రింగులు ఆనే గాళ్ళ పట్టీ) దగ్గర సుమారు 38 మిల్లీమీటర్ల సన్నటి నెక్, రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (స్ట్రింగు కదలికని పట్టే అయస్కాంతం, తీగచుట్ట), రెండు వాల్యూములు, ఒక టోను. ప్లేటు విప్పితే లోపల కనబడేవి మూడు పాట్లు (వాల్యూము, టోను నాబుల కింద తిరిగేవి), ఒక కెపాసిటర్, కేబుల్ గుచ్చే జాక్ ఒకటి, కాసిని వైర్లు. ఫింగర్‌బోర్డు ఇండియన్ లారెల్, అంటే మన అడవుల్లో ఉండే నల్లమద్ది. 2017లో రోజ్‌వుడ్ మీద అంతర్జాతీయ ఆంక్షలు వచ్చాక చవక గిటార్లలో చాలావాటికి ఇదే వేయడం మొదలుపెట్టారు, పూర్తిగా తయారైన వాయిద్యాలకి 2019లో మినహాయింపు ఇచ్చినా ఇది అలాగే ఉండిపోయింది. వాయించేటప్పుడు నాకైతే తేడా ఏమీ తెలియదు. కాస్త పొడిబారుతుంది, స్ట్రింగులు మార్చినప్పుడల్లా లెమన్ ఆయిల్ రెండు చుక్కలు రాసి తుడిచేస్తే సరిపోతుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు, మక్కిపోయి కంపు కొడుతుంది.

పెట్టె విప్పి నేరుగా స్టేజీ ఎక్కే సరుకు కాదు ఈ ధరలో ఏదీ. నట్ మీద స్ట్రింగులు కూర్చునే గాడులు పైపైన కోసి పంపిస్తారు, దాంతో మొదటి రెండు ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు పట్టీల) దగ్గర స్ట్రింగు గట్టిగా నొక్కాల్సొస్తుంది, నొక్కితే శ్రుతి పైకి పోతుంది, కీబోర్డు పక్కన వాయిస్తే వెంటనే తెలిసిపోతుంది. గ్యాస్ వెల్డింగ్ షాపుల్లో నాజిల్ శుభ్రం చేసే సన్నటి ఆకురాళ్ళ సెట్టు దొరుకుతుంది, వాటితో కొంచెం కొంచెంగా గాడి దించుకున్నాను. ఎక్కువ దించితే మళ్ళీ నట్ మార్చాల్సిందే, కాబట్టి రెండు రుద్దులు, ఒకసారి శ్రుతి చేసి చూడటం, మళ్ళీ రెండు రుద్దులు.

సెటప్ వరస ఎప్పుడూ ఒకటే: కొత్త స్ట్రింగులు, శ్రుతి, తర్వాత నెక్ వంపు, తర్వాత స్ట్రింగుల ఎత్తు, చివర ఇంటొనేషన్, అంటే నెక్ మీద ఎక్కడ నొక్కినా శ్రుతి సరిగ్గా ఉండేలా చూడటం. వరస మారిస్తే చేసిన పనే మళ్ళీ చేయాలి. నెక్ వంపు చూడటానికి లావు స్ట్రింగుని మొదటి ఫ్రెట్ దగ్గర, ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని మధ్యలో ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద సందు చూడాలి, 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు, మామూలు విజిటింగ్ కార్డు దూరుతుంది. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి ఇనప కడ్డీని) బిగించాలి, అసలు లేకపోతే వదలాలి, ఏదైనా పావు చుట్టు కంటే తక్కువ, తర్వాత మళ్ళీ శ్రుతి చేసి చూడాలి. గట్టిగా ఉంటే బలం వాడొద్దు. మా వైపు రోహిణీ కార్తెలో ఒకలా, జూలై వానల్లో ఒకలా ఉంటుంది నెక్. ఏడాదికి రెండుసార్లైనా ఆలెన్ కీ తీయకుండా గడవదు, ఇది ఖరీదైన బేసులకీ తప్పదు. ఎత్తు పదిహేడో ఫ్రెట్ దగ్గర లావు స్ట్రింగుకి 2.4, సన్న స్ట్రింగుకి 2 మిల్లీమీటర్లు అని ఫెండర్ లెక్క. నేను ఇంకో అర మిల్లీమీటరు ఎక్కువే ఉంచుతాను. తీన్మార్ పాటలో చేయి ఊరుకోదు, తక్కువ ఎత్తులో గట్టిగా మీటితే ఫ్రెట్ బజ్ (స్ట్రింగు ఫ్రెట్‌కి తగిలే గరగర) అంతా స్పీకర్లలోకి వెళ్తుంది. ఇంటొనేషన్‌కి పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (స్ట్రింగుని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం పోల్చాలి. నొక్కింది పైకి ఉంటే శాడిల్ (కింద బ్రిడ్జి మీద స్ట్రింగు ఆనే ముక్క) వెనక్కి జరపాలి, కిందికి ఉంటే ముందుకి.

స్ట్రింగుల విషయంలోనే డబ్బు పోతుంది. 45-105 మందం నికెల్ రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టిన) సెట్ ఇప్పుడు రెండు వేలు దాటింది, సముద్రపు గాలి, చెమట కలిసి రెండు నెలల్లో దాని మెరుపు తినేస్తాయి. ప్రోగ్రాం అయ్యాక ఎంత నిద్రొస్తున్నా పొడి గుడ్డతో కిందా పైనా తుడిచి గానీ కవర్లో పెట్టను. పాత స్ట్రింగుల్ని చుట్టలుగా చుట్టి పదినిమిషాలు నీళ్ళలో మరిగించే చిట్కా నిజంగానే పనిచేస్తుంది, చుట్ల మధ్య ఇరుక్కున్న మురికి వదిలిపోయి సౌండు తిరిగొస్తుంది. కానీ నాలుగైదు ప్రోగ్రాముల కంటే నిలవదు, పైగా తడి పూర్తిగా ఆరబెట్టకపోతే తుప్పు. (ఇంట్లోవాళ్ళ గిన్నె వాడకండి.) కొత్త స్ట్రింగు కోసేటప్పుడు కోసే చోటికి కాస్త ముందే తొంభై డిగ్రీలు మడిచి అప్పుడు కోయండి, లేకపోతే పై చుట్టు లోపలి తీగ మీద వదులై స్ట్రింగు మూగబోతుంది. అన్నీ పాత మెలోడీలే వాయించే ట్రూపు అయితే ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన తీగ చుట్టినవి) వేసుకోండి. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ బేసిస్టు జేమ్స్ జేమర్సన్ తెగితే తప్ప స్ట్రింగులు మార్చేవాడు కాదు, ఆయన వాడినవి ఫ్లాట్లే.

ఇక రిపేర్లు. ఎక్కువగా పోయేది జాక్. కేబుల్ ఎవరో ఒకరు తొక్కుతారు, జాక్ నట్టు వదులై జాక్ మొత్తం తిరిగిపోయి లోపల వైరు తెగుతుంది. రావులపాలెం దగ్గర ఒక రిసెప్షన్లో ఇలాగే సౌండ్ చెక్‌లో గరగరమంటూ ఆగిపోతే, సెంటర్లో టీవీలు బాగుచేసే ఆయన ఐదు నిమిషాల్లో టంకం పెట్టి ఇచ్చారు, బేస్ గిటార్ విప్పడం ఆయనకి అదే మొదలు. అందులో అర్థం కానిదేముంది, రెండు వైర్లేగా. పాట్లు తిప్పితే గరగరలాడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే పోతుంది, పోకపోతే 250 కిలో ఓమ్‌ల పాట్ ఒకటి కొని మార్చుకోవడమే. స్ట్రాప్ బటన్ స్క్రూ చెక్కలో పట్టు తప్పితే అగ్గిపుల్ల ముక్కలు ఫెవికాల్‌తో దూర్చి రాత్రంతా ఆరనిచ్చి మళ్ళీ బిగించాలి, నేను అలా బిగించింది ఇప్పటికీ కదల్లేదు. స్ట్రాప్ జారకుండా కొళాయి రబ్బరు వాషర్లు వేసుకున్నాను, స్ట్రాప్ లాక్‌కి పెట్టే డబ్బు మిగిలింది.

మధ్యలో ఒక ఐదు స్ట్రింగుల యాక్టివ్ కూడా వాడాను. సౌండు దానిదే బాగుంటుంది, అబద్ధం ఎందుకు. స్టేజీ మీదే బేస్, ట్రెబుల్ పెంచుకోవచ్చు, కింద బీ స్ట్రింగు 31 హెర్ట్జ్‌ల దాకా దిగుతుంది. మన పాటలకి అది నిజంగా కావాలి కూడా, ఎందుకంటే గాయకుడి గొంతు బాగోలేదంటే కీబోర్డు అన్న ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి నవ్వుతాడు, మనకి ఆ బటన్ లేదు. ఇ-లో ఉన్న పాట డి షార్ప్‌కి దిగితే నాలుగు స్ట్రింగుల బేసులో కింద స్వరమే లేదు, పై ఆక్టేవ్‌లో వాయిస్తే పాట తేలిపోతుంది. అలాంటప్పుడు నేను లావు స్ట్రింగుని సగం శ్రుతి దించుకుంటాను, కాస్త వదులుగా ఆడుతుంది కానీ నడుస్తుంది. సరే, ఆ యాక్టివ్ సంగతి: దసరా ప్రోగ్రాముల మధ్యలో ప్రీయాంప్ బోర్డు పోయింది. పాసివ్‌కి మారే స్విచ్ అందులో లేదు, విడి బోర్డు చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు, అడిగినవాళ్ళంతా బోర్డు చూసి తిరిగిచ్చారు. మిగతా ప్రోగ్రాములన్నీ ఈ పాతదే లాగింది. యాక్టివ్ కొంటే పాసివ్ స్విచ్ ఉన్నదే కొనండి. ఇంకోటి, చాలావాటిలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, వాల్యూమ్ తగ్గించినా సరే. టిఫిన్‌కి వెళ్ళినా పిన్ పీకేసి వెళ్ళాలి.

ఈ పాసివ్ లోపం హమ్. సింగిల్ కాయిళ్ళు కదా, ఎల్ఈడీ వాల్ పక్కన నిలబెడితే గుయ్‌మంటుంది. రెండు వాల్యూములూ పూర్తిగా పెడితే రెండు కాయిళ్ళూ ఒకదాని హమ్‌ని ఒకటి కొట్టేస్తాయి, ఒకటి కాస్త తగ్గించారా మళ్ళీ మొదలు. అందుకే స్టేజీ మీద రెండూ ఫుల్, టోనుతోనే పని. లోపల గుంటల్లో రాగి రేకు అతికించి ఎర్త్‌కి కలిపాక చాలా తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు.

హమ్ కంటే పెద్ద టెన్షన్ షాకు. బేస్ స్ట్రింగులు బ్రిడ్జి ద్వారా మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. జనరేటర్ మీద నడిచే పందిట్లో ఎర్త్ సరిగ్గా లేకపోతే, స్ట్రింగుల మీద చేయి ఉండగా మూతి మైకుకి తగిలితే కొడుతుంది. కోరస్ పాడే బేసిస్టులు ముందు మైకు జాలీకి, తమ బ్రిడ్జికి టెస్టర్ పెట్టి చూసుకోండి, లైటు వెలిగితే సెట్ వాళ్ళు సరిచేసేదాకా వాయించొద్దు. టెస్టర్ వెలగకపోయినా గ్యారంటీ ఏమీ లేదు, అందుకే నేను వైర్‌లెస్‌కి మారాను, కేబుల్ లేకపోతే కరెంటుకి బేస్ ద్వారా దారి ఉండదు. ఛార్జింగ్ మర్చిపోతే వాడుకోవడానికి పాత కేబుల్ కూడా బ్యాగులో ఉంటుంది.

మా సర్కిల్లో బేస్ యాంప్ ఎవరూ తేరు, నేరుగా మిక్సర్‌లోకే. మిక్సర్ మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పాసివ్ బేస్ గుచ్చితే సౌండు చచ్చిపోతుంది, కాబట్టి యాక్టివ్ డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బా) ఒకటి సొంతంగా ఉండాలి, మిక్సర్ నుంచి కేబుల్ మీదుగా వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందుకుని పనిచేసే రకం. రెండో బేస్ కొనే డబ్బుంటే ముందు ఇది కొనండి. సౌండ్ కుర్రాడు ఎప్పుడూ సబ్‌వూఫర్లు పెంచుతాడు, ఊరంతా అదురుతుంది గానీ ఏ స్వరం వాయిస్తున్నామో ఎవరికీ తెలియదు. "తమ్ముడూ, 200 హెర్ట్జ్ దగ్గర కాస్త తగ్గించి 800 దగ్గర కొంచెం పెంచు" అని మర్యాదగా అడిగితే పది మందిలో ఏడుగురు వింటారు.

బరువు నాలుగు కిలోల పైనే, వెడల్పు స్ట్రాప్ లేకపోతే మూడు గంటల ప్రోగ్రాంకి భుజం పోతుంది. ట్యూనింగ్ కీలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. పెయింటు నాలుగు చోట్ల లేచింది, పట్టించుకోను.

ఇక మిగిలింది ఫ్రెట్లు. మొదటి ఐదు ఫ్రెట్ల మీద స్ట్రింగుల కింద గుంటలు పడ్డాయి, సన్న స్ట్రింగు మీద రెండో ఫ్రెట్ దగ్గర బజ్ వస్తోంది, ఎత్తు పెంచి నెట్టుకొస్తున్నాను. సన్నటి స్టీల్ ఊల్‌తో మెరుగు పెట్టడం వరకూ నేనే చేస్తాను, ఊల్ రజను అయస్కాంతాలకి అంటుకోకుండా పికప్‌ల మీద టేపు వేసి. లెవెలింగ్ (ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తుకి అరగదీయడం) మాత్రం చేయి తిరిగినవాళ్ళే చేయాలి, దానికి హైదరాబాదు పంపాలి. వచ్చే మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి అప్పుడు పంపిస్తాను, ఆ ఆదివారాలకి చర్చిలో వాయించడానికి ఎవరిదో బేస్ అడిగి తెచ్చుకోవాలి.