కార్ట్రిడ్జ్ సీల్: ఏడాది వాడాక ఓ పంపు ఫిట్టర్ మాట

మా కాస్టిక్ సోడా పంపుకి ఇదివరకు విడి భాగాల సీల్ (తిరిగే షాఫ్ట్ పక్కనుంచి ద్రవం కారకుండా ఆపేది) ఉండేది. షాఫ్ట్ మీద గీత గీసుకుని, స్ప్రింగ్ ఎంత నొక్కుకోవాలో కొలిచి, గ్రబ్ స్క్రూలు బిగించాలి. నొక్కుడు తగ్గితే కారుతుంది, ఎక్కువైతే ఫేసులు (ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే రెండు రింగులు, ఒకటి తిరుగుతుంది, ఒకటి కదలదు) వేడెక్కి అరిగిపోతాయి. నైట్ షిఫ్ట్‌లో టార్చిలైట్ నోట్లో పెట్టుకుని ఈ కొలతలు తీసినవాళ్లకే ఆ టెన్షన్ తెలుసు.

కార్ట్రిడ్జ్‌తో ఆ బాధ లేదు. స్లీవ్ (షాఫ్ట్ మీద తొడిగే గొట్టం), గ్లాండ్ ప్లేట్ (పంపుకి బిగించే మూత), ఫేసులు అన్నీ ముందే కూర్చి వస్తాయి. షాఫ్ట్ మీదికి జరిపి, గ్లాండ్ నట్లు, ఆ తర్వాత స్లీవ్‌ని షాఫ్ట్‌కి పట్టించే కాలర్ స్క్రూలు బిగించి, అంతవరకూ భాగాల్ని కదలకుండా పట్టి ఉంచే సెట్టింగ్ క్లిప్పులు ఆఖర్న తీయాలి. మొదటిసారి మా హెల్పర్ కాలర్ బిగించకముందే క్లిప్పులు తీసి జేబులో వేసుకున్నాడు. సెట్టింగ్ జరిగిపోయింది, స్టార్ట్ చేయగానే ధార కట్టింది. తప్పు సీల్‌ది కాదు, పక్కనే ఉండి చూసుకోని నాది.

ఆర్డర్ పెట్టేటప్పుడు మెటీరియల్ దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. కాస్టిక్‌కి వైటాన్ రబ్బరు ఓ-రింగ్ పనికిరాదు, ఈపీడీఎం రబ్బరుది కావాలి. అదే ఈపీడీఎం మినరల్ ఆయిల్‌లో పడితే ఉబ్బిపోతుంది. ఫేసులు ఉత్త ‘సిలికాన్ కార్బైడ్’ అని రాస్తే సరిపోదు. రియాక్షన్ బాండెడ్ రకంలో మిగిలి ఉండే సిలికాన్‌ని కాస్టిక్ తినేస్తుంది, సింటర్డ్ రకం అడగాలి. బయటివైపు కాస్టిక్ తెల్లగా ఉప్పులా గడ్డకట్టి ఫేసుల్ని గీరకుండా నీటి క్వెంచ్ (ఫేసుల బయటివైపు నీళ్లు పారించే ఏర్పాటు) కూడా పెట్టించాం. ఏడాదిగా గ్లాండ్ కింద నేల పొడిగానే ఉంది.

లోపాలూ ఉన్నాయి. పొడవు ఎక్కువ, చిన్న పంపుల్లో బేరింగ్ హౌసింగ్‌కి తగులుతుంది. ఒక్క ఫేస్ చిట్లినా మొత్తం విప్పి రిపేరుకి పంపాల్సిందే.

చల్లటి మంచినీళ్ల పంపుకి ఇంత హంగామా దండగ. రబ్బరు బెలోస్ (ముడతల గొట్టం), ఒకే స్ప్రింగ్ ఉన్న మామూలు సీల్ చాలు. కోన్ ఆకారం స్ప్రింగ్ అయితే పంపు ఎటు తిరుగుతుందో చూసి కొనండి, ఎడమకీ కుడికీ వేరు. వేడి నూనెకి మెటల్ బెలోస్‌ తీసుకోండి, అక్కడ మామూలు ఓ-రింగులు మాడిపోతాయి. బురద నీళ్లలో చిన్న చిన్న స్ప్రింగులున్న సీల్ పెడితే సందుల్లో మడ్డి పట్టి బిగుసుకుపోతుంది. విషపు ద్రవాలకైతే డబుల్ సీల్, మధ్యలో బ్యారియర్ ఫ్లూయిడ్ (అడ్డుగా నింపే శుభ్రమైన ద్రవం). దాని ప్రెషర్ పంపు లోపలి ప్రెషర్ కన్నా ఎక్కువ ఉండాలి, అప్పుడే కారినా లోపలికే కారుతుంది. చాలా సీళ్లు పంపులో ద్రవం నింపకుండా స్టార్ట్ చేస్తే అంతే సంగతులు. ఫేసుల మధ్య ద్రవపు పలచటి పొర లేకపోతే నిమిషాల్లో పోతాయి.

పోయిన వారం రెండో కాస్టిక్ పంపుకీ ఇదే వేయించాను. క్లిప్పులు మాత్రం నేనే తీశాను.