నీళ్లు తోడేశాక బూజు రాకుండా: ఫ్యానా, ఏసీనా, డీహ్యూమిడిఫైయరా?

నవంబర్ వచ్చి చెన్నైలో రెండు పెద్ద వానలు పడ్డాయంటే చాలు, చుట్టాల దగ్గర్నుంచీ మా అపార్ట్‌మెంట్ గ్రూపులోంచీ నాకు ఒకటే ప్రశ్న. "ఇంట్లోకి నీళ్లొచ్చాయి, తోడేశాం, బూజు పట్టకుండా గోడలకి ఏం కొట్టాలి?" ఎలా ఆరబెట్టాలి అని మాత్రం ఒక్కరూ అడగరు. నేనూ అడగలేదు లెండి, 2023 డిసెంబర్‌లో.

మిగ్‌జాం తుపాను తీరం దాటింది మన బాపట్ల దగ్గర, నీళ్లు నింపింది మాత్రం చెన్నైలోని మా వేళచ్చేరిలో. మాది గ్రౌండ్ ఫ్లోర్. ఇంట్లో నీళ్లు రెండు రోజులున్నాయి, కరెంటు నాలుగు రోజులు లేదు. తడిసిన చోట బూజు మొలవడానికి 24 నుంచి 48 గంటలు చాలు కాబట్టి, లైట్లు వెలిగేసరికే అది మాకంటే ముందు ఇంట్లో స్థిరపడింది. వారం తర్వాత ఇనప బీరువా పక్కకి జరిపితే గోడ మీద అచ్చం బీరువా కొలతలతో నల్లటి నీడ. ఎదురుగా ఉన్న గోడ చూస్తే శుభ్రంగానే ఉంది. రెండు గోడలూ తడిసింది ఒకే నీళ్లకి, తేడా అల్లా బీరువా వెనక గాలి ఆడకపోవడమే.

సరే, అసలు సంగతికొద్దాం. (ప్లగ్ పాయింట్ల దాకా నీళ్లొచ్చి ఉంటే ఎలక్ట్రీషియన్ చూడకుండా ఏ స్విచ్చూ వేయకండి. వరద నీళ్లలో డ్రైనేజీ కలిసే ఉంటుంది కనుక సబ్బు నీళ్లతో కడగడం కూడా అయిపోయిందనే అనుకుంటున్నాను.)

అందరూ చేసేది కిటికీలన్నీ తెరిచి ఫ్యాన్లు వేసేయడం. ఖర్చు లేదు, సీలింగ్ ఫ్యాన్ తినేది 75 వాట్లు. ఎండ కాసిన మధ్యాహ్నం ఇంతకు మించింది లేదు, అదీ స్టాండు ఫ్యాన్ అయితే గోడ అడుగుకి వాలుగా తిప్పి పెట్టొచ్చు. కానీ ఫ్యాన్ నీటిని ఎక్కడికీ తీసుకుపోదు, గోడలోంచి గాలిలోకి ఎక్కిస్తుందంతే. ఆ గాలి బయటికి పోయి పొడి గాలి లోపలికి రావాలి కదా, డిసెంబర్ ముసురులో మన ఊళ్లో పొడి గాలి ఎక్కడిది? బయటే తేమ 90 శాతం ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే చెమ్మని పిలిచి కూర్చోబెట్టినట్టే. మేము చేసింది సరిగ్గా అదే, రాత్రీ పగలూ అన్నీ బార్లా తెరిచి పెట్టాం. ఇప్పుడైతే తేమ శాతం చూపించే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి కొన్నాను, బయట అంకె లోపలికంటే తక్కువుంటేనే కిటికీలు తెరుస్తాను. లోపల 60 దాటి ఉన్నన్నాళ్లూ బూజుకి పండగే.

ఏసీ డ్రై మోడ్ ఫ్యాన్ కంటే నయం, అందులో అనుమానం లేదు. చల్లని కాయిల్ మీద గాలిలోని తేమ నీరై పైపులోంచి బయటికి పోతుంది. చిక్కల్లా ఏమిటంటే అది గదిని చల్లబరుస్తుంది, చల్లబడిన గోడ నెమ్మదిగా ఆరుతుంది. పైగా చాలా ఇళ్లలో ఏసీ ఉండేది బెడ్‌రూమ్‌లో, నీళ్లు ఎక్కువ నిలిచింది హాల్లో. ఉన్న ఏసీ వాడుకోండి, దీనికోసం కొత్తది మాత్రం కొనకండి.

నా ఓటు డీహ్యూమిడిఫైయర్‌కే, అంటే గాలిలోని తేమని లాగేసే మిషన్‌కి. పని చేసే తీరు ఏసీదే, కాకపోతే ఏసీ బయటికి తోసే వేడిని ఇది గదిలోకే వదులుతుంది. గది కాస్త వెచ్చబడుతుంది, గోడలోని చెమ్మ తొందరగా బయటికొస్తుంది, వచ్చింది వచ్చినట్టు తొట్టిలో పడుతుంది. పన్నెండో రోజున ఒకటి అద్దెకి తెచ్చి, హాలు తలుపులూ కిటికీలూ మూసి, పక్కనే స్టాండు ఫ్యాన్ పెట్టి నడిపాం. తొట్టి మూడు లీటర్లది, మొదటి రోజు ఐదుసార్లు పారబోశాను. చూడ్డానికి ఆరిపోయిన హాల్లోంచి పదిహేను లీటర్లు! మా ఆయన నమ్మక రెండోసారి తనే పట్టుకెళ్లి పోసొచ్చారు. మిషన్ నడిపిన తొమ్మిదో రోజుకి రోజుకోసారి పారబోస్తే సరిపోయింది. రోజుకి 20 లీటర్లు లాగుతుందని డబ్బా మీద రాసేది సాధారణంగా 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పటి లెక్క, అంటే దాదాపు మన వాతావరణమే. కరెంటు 300 నుంచి 500 వాట్ల దాకా తింటుంది, పూర్తి లోడు మీదున్న టన్నున్నర ఏసీతో పోలిస్తే మూడో వంతు. చప్పుడు మాత్రం పాత ఫ్రిజ్ లాగే, అది పెట్టిన గదిలో నిద్రపట్టదు. కొనాలంటే 15,000 పైమాటే, అందుకని ముందు అద్దెకి అడగండి. మాకు ఏటా ఇదే బాగోతం కనుక మరుసటి ఏడు కొనేశాం.

ఇక "ఏం కొట్టాలి"కి వద్దాం. బ్లీచింగా, వెనిగరా? టైల్స్ మీద, గాజు మీద ఏదైనా ఒకటే. గోడకీ చెక్కకీ బ్లీచింగ్ నీళ్లు కొడితే పైన రంగు పోతుంది, లోపలి బూజు వేళ్లు అలాగే ఉంటాయి, కొట్టిన నీళ్లు కూడా గోడలోకే ఇంకుతాయి. దాన్ని బాత్రూమ్ యాసిడ్‌తో గానీ వెనిగర్‌తో గానీ కలిపారంటే వచ్చేది క్లోరిన్ గ్యాస్, జాగ్రత్త. నేను మాస్క్ కట్టుకుని సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెట్టాను, అంతే. పై ఫ్లోర్ మామి సాంబ్రాణి వేయమన్నారు, వేశాను, ముక్కిపోయిన వాసన పోయి సాంబ్రాణి వాసన వచ్చింది. తేమ పీల్చే డబ్బాలు బట్టల అల్మరాకి పనికొస్తాయి, గదికి కాదు. ఉబ్బిన పార్టికల్ బోర్డుని, తడిసిన దూది పరుపుని ఏదీ బాగుచేయలేదు, పారేయండి.

పెయింట్ దగ్గర తొందరపడకండి. పొంగల్‌లోపు వేయించేద్దామని మా ఓనర్ ఒకటే పోరు. గోడ పైన ఆరినట్టే ఉంది గానీ గోడ అడుగున ఉండే స్కర్టింగ్ టైల్ మీద వేలితో కొడితే రెండు చోట్ల డొల్ల చప్పుడు, ఆ రెండు టైల్స్ ఊడదీస్తే వెనక సిమెంట్ ఇంకా నల్లగా తడి. అడుగు చదరం పాలిథిన్ ముక్క గోడకి నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాడు చూస్తే లోపలి వైపు సన్నగా నీటి చుక్కలు. ఆయన్ని పిలిచి చూపించాను, మాట్లాడకుండా వెళ్లిపోయారు. చుక్కలు రావడం ఆగింది ఫిబ్రవరిలో, పెయింట్ అప్పుడే వేయించారు.

మా మిషన్ అప్పుగా కావాలంటే మాత్రం ఈసారికి ఆశ వదులుకోండి. దీపావళి నుంచీ అది చెన్నై శివారు ముడిచ్చూరులో మా ఆడపడుచు గారింట్లోనే ఉంది.