సిలికాన్ సీలర్: 200 డిగ్రీలు తగిలేదాకా నమ్మకండి

ఆర్క్ స్ప్రేతో (లోహపు తీగను విద్యుత్ ఆర్క్‌తో కరిగించి చిమ్మే పద్ధతి) కొట్టిన అల్యూమినియం పూత మీద సిలికాన్ అల్యూమినియం సీలర్‌ను రిఫైనరీ లైన్లకు ఏళ్ల తరబడి వాడాక మిగిలిన కోపం ఒక్కటే. డబ్బా మీద ‘గాలికి ఆరుతుంది’ అని ఉంటుంది. ఆరేది థిన్నరే. రెసిన్ గట్టిపడాలంటే సుమారు 200 డిగ్రీల వేడి గంటసేపైనా తగలాలి. అంతవరకూ గోరు తగిలితే గీత పడుతుంది, థిన్నర్ గుడ్డతో రుద్దితే వెండిపొడి ఊడొస్తుంది. 90 డిగ్రీల దగ్గర నడిచే లైనుకు ఆ వేడి ఎన్నటికీ అందదు. ఇన్సులేషన్ వాళ్లు తీగ బిగించేసరికే సగం గీతలు.

అసలు చెడేది రెండో కోటుతో. సీలర్ అల్యూమినియం పూతలోని సన్నటి రంధ్రాల్లోకి ఇంకాలి, పైన పొరగా నిలవకూడదు. బాగా ఇంకిన చోట మసక బూడిదరంగు, ఇంకని చోట మెరుపు. ఆ మచ్చలు చూసి ‘ఇంకో చెయ్యి వెయ్యండి’ అంటారు. మందంగా వేస్తే పైన పొర కట్టి, థిన్నర్ లోపలే చిక్కుతుంది. స్టార్టప్‌లో వేడి గబగబా పెరగ్గానే బొబ్బలెక్కి పెచ్చులుగా లేస్తుంది. కింది అల్యూమినియం చెక్కుచెదరదు, కానీ సిలికాన్ మీద మళ్లీ లోహం పట్టదు. బ్లాస్టింగ్‌తో (గరుకు రేణువులను గాలి ఒత్తిడితో కొట్టి) సీలర్ తీసేయాలి, దాంతోపాటు పోయిన లోహాన్ని 200 మైక్రాన్ల పైకి మళ్లీ స్ప్రే చేయాలి. ఇంకడం ఆగేదాకా వేయాలి, లోహం పైన కొలవదగిన పొర ఉండకూడదు అంటుంది పూతలకు నార్వే చమురు పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం నార్సోక్ ఎం-501. గేజి పట్టుకుని సీలర్ మందం అడిగేవాళ్లకు ఆ పేజీ తీసి చూపించండి.

లోతుగా ఇంకుతుందన్న పేరు నిజమే, పైపు పైభాగం వరకు. కిందివైపు కారి బొట్లు కడుతుంది, వాటిని బ్రష్‌తో వెంటనే లాగేయాలి. అల్యూమినియం డబ్బా అడుగుకు దిగుతుంది కాబట్టి పని జరిగినంతసేపూ కలుపుతుండాలి. స్ప్రే అయిన షిఫ్టులోనే సీలర్ పడాలి. సముద్రపుటొడ్డున రాత్రంతా వదిలేస్తే రంధ్రాల్లో ఉప్పు, తెల్లపొడి చేరి సీలర్‌కు చోటుండదు. అయినా తుప్పును ఆపేది ముఖ్యంగా అల్యూమినియమే, సీలర్ దానికి తోడు మాత్రమే.

ఏడాది పొడవునా 200 పైన నడిచే లైన్లకు మళ్లీ ఇదే తెప్పిస్తాను, మొదటిసారి వేడి నెమ్మదిగా ఎక్కించే ఆపరేటర్ ఉంటేనే. 120 లోపు వాటికి పలచన చేసిన రెండు డబ్బాల ఎపాక్సీ సీలర్ నయం. మధ్యలో ఉండి తరచూ ఆగి నడిచే లైన్లకు మాత్రం, ఇన్సులేషన్ కప్పేలోగా ఆ పైపును ఒక్కసారి 200కి ఎక్కించగలమో లేదో చూసుకునే కొనండి.