రెండేళ్లుగా అలెఖిన్ డిఫెన్స్ ఆడుతున్నాను, నా అనుభవం ఇదీ

చెస్‌లో నేను నల్లపావులతో ఆడేటప్పుడు, తెల్లవాడు ఈ4 ఆడగానే గుర్రాన్ని ఎఫ్6లో పెడతాను (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస; ఒట్టి గడి పేరు చెబితే అది బంటు ఎత్తు). అలెఖిన్ డిఫెన్స్ అంటే అంతే. వాడు ఈ5 తోస్తాడు, గుర్రం డీ5కి వెళ్తుంది. సీ4 తోస్తాడు, బీ6కి వెళ్తుంది. మొదటిసారి చూసిన మా అన్నయ్య కొడుకు, వాడికి పదకొండేళ్లు, "బాబాయ్, ఒకే పావుని ఇన్నిసార్లు కదపకూడదని మా సార్ చెప్పారు" అన్నాడు. సార్ చెప్పింది నిజమే. కానీ ఇక్కడ గుర్రం పారిపోవడం లేదు, వాడి బంట్లని ముందుకు లాగుతోంది. అలా ముందుకొచ్చిన బంట్లని వాడు తర్వాత కాపాడుకోవాలి, మనం వాటిని పక్కల నుంచి కొట్టాలి. ఐడియా మొత్తం ఇదే.

నేను క్లబ్బు స్థాయి ఆటగాడిని, ఆన్‌లైన్ ర్యాపిడ్‌లో (తక్కువ టైముతో ఆడే గేములు) 1500 రేటింగ్ దగ్గర ఊగుతుంటాను. అంతకుముందు ఈ4కి ఇంకో జవాబైన కారో-కాన్ ఆడేవాణ్ని. ఎవరితో ఆడినా అదే పొజిషన్, పన్నెండు ఎత్తుల దాకా ఇద్దరం బట్టీ పట్టింది అప్పజెప్పడమే, విసుగొచ్చింది. అప్పుడే 1972లో ఐస్‌లాండ్‌లోని రెక్జావిక్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ 13వ గేమ్ చూశాను. అమెరికా ఆటగాడు ఫిషర్ నల్లపావులతో అప్పటి చాంపియన్ స్పాస్కీ మీద ఇదే ఆడి 74 ఎత్తుల్లో గెలిచాడు. చివర్లో ఫిషర్ రూక్ (ఏనుగు) జీ8లో బందీ అయిపోయి ఉంటుంది, బంట్లు మాత్రం చీమల బారులా నడుచుకుంటూ వెళ్తాయి. అది చూసి ఎవరికైనా ఆడాలనిపిస్తుంది. తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన అలెఖిన్ 1921లో బుడాపెస్ట్ టోర్నమెంట్‌లో ఆడటంతో దీనికి ఆయన పేరు వచ్చింది.

ఇక నేను చేసిన తప్పు. మొదటి నెలంతా ఫోర్ పాన్స్ అటాక్ మీద కూర్చున్నాను. తెల్లవాడు సీ4, డీ4, ఈ5, ఎఫ్4 నాలుగూ తోసి గోడలా నిలబడతాడు కదా, చూస్తే భయమేస్తుంది, అందుకే ముందు అదే నేర్చుకోవాలనుకున్నాను. ఆఫీసు బస్సులో ఫోన్ పట్టుకుని లైన్లు (ఎత్తుల వరుసలు) తిప్పేవాణ్ని. తీరా ఆడటం మొదలుపెడితే అది వచ్చిన గేములు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా స్థాయిలో చాలామంది గుర్రం ఎఫ్6 చూడగానే కాస్త జంకి, రెండో ఎత్తులో నైట్ (గుర్రం) సీ3 ఆడేస్తారు, లేదంటే డీ3. డీ3కి మనం ఈ5 ఆడేస్తే టెన్షన్ ఏమీ లేదు. నైట్ సీ3కి మాత్రం ముందే నిర్ణయం తీసుకుని ఉండాలి. ఈ5 ఆడితే అది వియన్నా గేమ్ అనే వేరే ఓపెనింగ్ అవుతుంది, అంటే మీరు అలెఖిన్ నేర్చుకోవడానికి కూర్చుని వియన్నా కూడా నేర్చుకోవాలి. నేను డీ5 ఆడతాను. అక్కడ ఈ5, నైట్ ఈ4 తర్వాత తెల్లవాడు నైట్ సీ3 నుంచి ఈ2కి వెనక్కి జరిగితే ఏదో పిచ్చి ఎత్తు అనుకోకండి. తర్వాత డీ3, డీ4, ఎఫ్3 అంటూ మన గుర్రానికి బోర్డు మధ్యలోనే దారులు మూసేస్తాడు. ఒకసారి అలాగే ఒక గుర్రం పోగొట్టుకున్నాను. వెంటనే డీ4 తోసేయండి, ఆ గొడవ ఉండదు.

ఇంకోటి, సీ4 తర్వాత సీ5 కూడా తోసి గుర్రాన్ని మళ్లీ డీ5కి తరిమేవాళ్లు ఉంటారు. నాలుగు ఎత్తులైతే నాలుగూ గుర్రానివే, చూసేవాళ్లకి నవ్వొస్తుంది. నాకు మాత్రం ఇది ఇష్టమైన లైన్. మన ఈ6, డీ6 పడగానే వాడి బంట్ల గొలుసు తెగుతుంది, డీ5 గుర్రాన్ని తరమడానికి వాడి దగ్గర బంటు మిగలదు.

మొదటి వారంలో తిన్న దెబ్బ కూడా చెప్పాలి. మన గుర్రం డీ5లో ఉండగా డీ4, డీ6 తర్వాత తెల్లవాడు బిషప్ (శకటు) సీ4, మనం నైట్ బీ6, వాడు బిషప్ బీ3. నేను ఈ5 బంటు తిన్నాను. వాడు క్వీన్ హెచ్5. క్వీన్, బిషప్ రెండూ ఎఫ్7 వైపే చూస్తున్నాయి, అక్కడ ఈ6 తప్పనిసరి. నేను ఇంకో బంటు దొరికిందని డీ4 మీద పడ్డాను. క్వీన్ ఎఫ్7, చెక్, ఆ తర్వాత నా రాజు బోర్డు మధ్యలో ఊరేగాడు.

మెయిన్ లైన్, అంటే అదే డీ4, డీ6 తర్వాత తెల్లవాడి నాలుగో ఎత్తు నైట్ ఎఫ్3. ఏడాది పాటు బిషప్ జీ4 ఆడాను. బాగానే ఉంటుంది కానీ ఇరుకు, ఒక్కోసారి పావులకి ఊపిరాడదు. తర్వాత మైల్స్ వేరియేషన్‌కి మారాను: ఈ5 బంటుని తినడం, వాడు గుర్రంతో తిన్నాక సీ6. ఈ సీ6 ఎందుకో అర్థమయ్యేసరికి నాకు చాలా రోజులు పట్టింది. అది లేకుండా నేరుగా నైట్ డీ7 ఆడితే వాడు ఎఫ్7లో గుర్రాన్ని బలిచ్చి, క్వీన్ హెచ్5 చెక్ ఇచ్చి డీ5 గుర్రాన్ని కూడా పట్టుకుంటాడు, దాన్ని కాపాడాలంటే రాజు ఈ6కి రావాలి. సీ6 ఉంటే డీ5కి కాపలా ఉంటుంది, నైట్ డీ7 నిశ్చింతగా ఆడొచ్చు. ఈ ఒక్క మార్పుతో నా గేముల్లో సగం తలనొప్పి తగ్గింది.

మిగిలిన సగం ఎక్స్‌ఛేంజ్ వేరియేషన్. డీ4, డీ6, సీ4, నైట్ బీ6 అయ్యాక అయిదో ఎత్తులో ఈ5 బంటు డీ6ని తినేస్తుంది. ఎర వేశాం, చేప వచ్చింది, ఎరని వాసన చూసి వెళ్లిపోయింది. ఈ-బంటుతో తిరిగి తింటే అటూ ఇటూ ఒకేలాంటి పొజిషన్, తెల్లవాడికి జాగా ఎక్కువ, మనకి ఆవలింతలు. సీ-బంటుతో తింటే ఆటలో ప్రాణం ఉంటుంది కానీ వొరొనెజ్ అనే తెల్లవాడి అమరిక వస్తుంది: నైట్ సీ3, బిషప్ ఈ3, రూక్ సీ1, బీ3. పైకి ఏమీ కనిపించదు. రూక్ ముందే పెద్ద డయాగనల్ (ఏ1 నుంచి హెచ్8 దాకా ఐమూలగా ఉన్న గళ్లు) నుంచి తప్పుకుంది, సీ4కి కాపలా గట్టిగా ఉంది, ఇంక మన జీ7 బిషప్‌కి కొరకడానికి ఏమీ దొరకదు, బీ6 గుర్రం మూలన ముడుచుకుని కూర్చుంటుంది. ఈ5 తోసి విడిపించుకుందామంటే క్వీన్లు మారిపోయి, సీ5 తోసి గుర్రాన్ని తరిమి, ఎండ్‌గేమ్‌లో (పావులు తగ్గిపోయిన చివరి దశలో) నింపాదిగా పిండుతారు. ఒక ఆదివారం ర్యాపిడ్ టోర్నమెంట్‌లో ఒక చిన్న పాప నన్ను ఇలాగే ఓడించింది, మధ్యలో లేచి వెళ్లి మజ్జిగ కూడా తాగొచ్చింది. అప్పటి నుంచి వొరొనెజ్ మీద ఎంత కూర్చున్నా నాకు నచ్చే జవాబు దొరకలేదు.

కంప్యూటర్‌ని అడిగితే రెండో ఎత్తు నుంచే తెల్లవాడికి అర బంటు పైనే ఆధిక్యం చూపిస్తుంది. 1500లో అది పట్టించుకోవాల్సిన విషయం కాదు, అర బంటు ఆధిక్యాన్ని గెలుపుగా మార్చే వాళ్లెవరూ నాతో ఆడటం లేదు. నేర్చుకోవడానికి డబ్బు కూడా పెట్టక్కర్లేదు. లిచెస్ అనే చెస్ సైట్‌లో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ (ఏ పొజిషన్‌లో ఎవరేం ఆడారో చూపించేది) ఉచితం, మీ రేటింగ్ వాళ్లు నిజంగా ఏం ఆడుతున్నారో ముందు అందులో చూసుకుని, ఆ వరుసలోనే చదవండి. నాలా ఫోర్ పాన్స్‌తో మొదలుపెట్టకండి.

రేటింగ్ పెద్దగా పెరగలేదు, వంద పాయింట్లేమో. కానీ ఇరుకు పొజిషన్‌లో కంగారుపడి ఏదో ఒకటి తోసేసే అలవాటు పోయింది, కారో-కాన్ ఆడిన రోజుల్లో అది నాకు ఉండేది. బ్లిట్జ్ (ఇంకా వేగంగా ఆడే గేములు), ర్యాపిడ్‌లో ఇప్పటికీ అలెఖినే. గంటన్నర గేముల్లో, అదీ ఎదుటివాడు నా పాత గేములు చూసి వచ్చే చోట, చప్పుడు చేయకుండా కారో-కాన్ తీస్తాను.

మా అన్నయ్య కొడుకు ఈ వేసవి సెలవుల నుంచి నా మీదే అలెఖిన్ ఆడటం మొదలుపెట్టాడు. నేను ఎక్స్‌ఛేంజ్ ఆడుతున్నాను.