పర్లాకిమిడిలో గుడ్డ డైపర్లు: ఇద్దరు పిల్లలకు వాడిన తరువాత

పాపకు మూడో నెలలో మొదలుపెట్టిన గుడ్డ డైపర్లను తనకు రెండున్నరేళ్లు నిండేదాకా వాడాము. ఇప్పుడు ఐదో నెల నడుస్తున్న బాబుకూ అవే కడుతున్నాము. మేముండేది ఒడిశాలోనే అయినా మా వీధిలో ఇంటింటా తెలుగే వినబడుతుంది, పసిబిడ్డకు పాత పంచె గుడ్డలు కట్టడం ఇక్కడి పెద్దవాళ్లందరికీ తెలిసిన పనే. అయినా పురిటి నుంచి మేము వాడి పారేసే డైపర్లే కొన్నాము. పాప గజ్జలు ఎర్రగా కంది, ఒరుసుకుపోయి, తడిగుడ్డ తగిలినా కెవ్వుమన్న వారంలో వాటి మీద మనసు విరిగింది.

డాక్టరుగారు పూత మందు రాసి, తడి ఎక్కువసేపు ఒంటికి అంటి ఉండకుండా చూడమన్నారు. వాడి పారేసేవాటిలోని పాలిమర్ గుళికలు తమ బరువుకు ఎన్నో రెట్ల తడిని పీల్చి జెల్లీలా పట్టి ఉంచుతాయి కాబట్టి, పైకి పొడిగా కనబడిందని మేమే ఐదారు గంటలు మార్చకుండా వదిలేసేవాళ్లం. గుడ్డ అయితే తడిసిన సంగతి చేతికి వెంటనే తెలుస్తుంది, రెండు మూడు గంటలకోసారి మార్చక తప్పదు. పాప చర్మం తేరుకున్నది ఇలా తరచుగా మార్చడం వల్లనే అని నా నమ్మకం. తడి గుడ్డను అలాగే ఉంచితే అదీ ఒరుపు తెస్తుంది.

మేము కొన్నవి పద్నాలుగు, ఒక్కొక్కటి 380 రూపాయలు. బయట నీరు దిగని పూత ఉన్న గుడ్డ, లోపల మెత్తని గుడ్డ, రెంటి నడుమ పీల్చే ప్యాడ్ దూర్చే జేబు. అంతకుముందు రోజుకు ఆరు డైపర్లు, ఒక్కోటి పదకొండు రూపాయల చొప్పున అయ్యేవి. రాత్రికి మాత్రం ఒకటి పాత రకమే ఉంచుకున్నా, పెట్టిన డబ్బు నాలుగో నెల వాడకంలోనే తిరిగి వచ్చేసింది.

అసలు చిక్కు వాసనతో వచ్చింది. వాటితో ఇచ్చిన మైక్రోఫైబర్ (అతి సన్నని సింథటిక్ పోగుల) ప్యాడ్లు, ఉతికి ఆరబెట్టినా, పాప ఒకసారి తడిపితే చాలు కళ్లు మండేంత ఘాటుగా కొట్టేవి. ఒక రోజు ఆరిన ప్యాడ్ మీద నీటిబొట్టు వేసి చూస్తే తామరాకు మీద చినుకులా నిలబడిందే తప్ప లోపలికి ఇంకలేదు. మా బోరు నీళ్లు ఉప్పదనం గల గట్టి నీళ్లు. వాటిలోని సున్నం, సరిగా జాడించకపోతే మిగిలే సబ్బు కలిసి పోగుల్లో పేరుకుపోతాయి. వేడినీళ్లలో నానబెట్టి, సబ్బుపొడి సగానికి తగ్గించి, నాలుగుసార్లు జాడించాక బొట్టు ఇంకింది. బట్టలను మెత్తబరిచే కండిషనర్ కూడా పోగులకు పూతలా పట్టి పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది కనుక దాన్ని పూర్తిగా మానేశాను.

అప్పుడే అత్తయ్యగారు మామయ్యగారి పాత నేత పంచెలను చింపి చదరపు ముక్కలు చేసి ఇచ్చారు. ఎనిమిది మడతలు వేసి జేబులో దూరిస్తే ప్యాడ్ అంత పీలుస్తుంది, విప్పి ఉతికితే ఒకే పొర కాబట్టి మురికి పూర్తిగా వదులుతుంది. రథయాత్ర దాటాక పట్టే ముసురులో దళసరి ప్యాడ్లు రెండు రోజులైనా చెమ్మగానే ఉండేవి. పంచె ముక్కలు వసారా దండెం మీద, ఫ్యాను గాలికి, పూట తిరిగేసరికి ఆరిపోయేవి. కొనబోయేవారికి నేను గట్టిగా చెప్పేది ఇదే: నీరు దిగని మంచి పై కవర్లకు డబ్బు పెట్టండి, లోపలికి నూలు గుడ్డ వాడండి.

పర్యావరణం విషయంలో గుడ్డ ఎప్పుడూ మేలేనని అనుకునేదాన్ని. 2008లో బ్రిటన్ పర్యావరణ సంస్థ చేసిన పోలికలో మాత్రం వేడినీళ్లు, డ్రయర్ ఎక్కువగా వాడితే ఆ మేలు పోతుందని, నిండు మెషిన్ వేసి ఎండలో ఆరేసి రెండో బిడ్డకూ వాడితే కర్బన భారం బాగా తగ్గుతుందని తేలింది. మా ఇంట్లో డ్రయర్ లేదు, ఎండకు కొదవ లేదు. ఇక చెత్త నియమాలు వాడిన డైపర్లను విడిగా చుట్టి వేయమన్నా, మా సందు చివరి కాలువలో అవి ఉబ్బి తేలడం రోజూ చూస్తున్నాను. అందులో మా ఇంటివి చాలావరకు లేవన్నది నాకు పెద్ద ఊరట.

లోపాలు లేకపోలేదు. మలమైనప్పుడు ముందుగా దొడ్లో కడిగి, తరువాతే మిగతావాటితో కలపాలి. ఆ పనికి ఇంట్లో ఇంకొక చేయి సాయం లేకపోతే కష్టం. వాసన పోతుందని మరిగే నీళ్లలో వేసిన రెండు కవర్ల పూత బుడగలు లేచి ఊడిపోయింది, అది నా తప్పే. పాప వాడకం ముగిసేసరికి ఆరు కవర్లకు తొడల దగ్గర ఎలాస్టిక్ సడలి తడి కారేది. బాబు కడుపులో ఉండగా వాటిని మా వీధి దర్జీకి ఇస్తే పాత ఎలాస్టిక్ తీసి, ఒక్కోదానికి ముప్పై రూపాయలకు కొత్తది కుట్టి పెట్టాడు. ఇవాళ్టికి పన్నెండూ వాడకంలో ఉన్నాయి.